బెంగళూరులో వీధికుక్కల కోసం చిన్న రెస్క్యూ పెట్టాలనుకుంటున్నా, జనం నమ్మి డబ్బులివ్వాలంటే ఏం చేయాలి?

ఆరేళ్లుగా కేఆర్ పురం దగ్గర అద్దింట్లో వీధికుక్కల్ని చూసుకుంటున్నానండీ. డబ్బుల సంగతి తర్వాత. ముందు ఫోన్లో "ఇప్పుడు చోటు లేదండీ" అనడం నేర్చుకోండి. అది నాకు రావడానికి ఐదు కుక్కపిల్లలు పోయాయి.

ఎవరో బతిమాలితే కాదనలేక, అర్ధరాత్రి ఒక కూనని తెచ్చి మిగతావాటితోనే పడుకోబెట్టాను. రెండు రోజులకి నెత్తురు విరేచనాలు, ఆ వాసన ఒకసారి చూస్తే మర్చిపోరు. పార్వో, కుక్కపిల్లల్ని చంపే అంటువైరస్. టీకాలు పూర్తికాని నా పిల్లలకీ అంటుకుంది. ఫినాయిల్‌తో కడిగీ కడిగీ చేతులు పోయాయి, తీరా దానికి ఆ వైరస్ చావదట, బ్లీచింగ్ కావాలి. మట్టినేలలో నెలల తరబడి ఉంటుంది. ఇప్పుడు కొత్తది ఏదొచ్చినా రెండు వారాలు వేరే గదే.

చనిపోయినవాటిని గోనెసంచిలో మోసుకెళ్తుంటే ఎదురింటి అజ్జి (కన్నడ అవ్వ) గేటు దగ్గర నిలబడి చూసింది. అరుపులని రోజూ నన్ను తిట్టే మనిషే. సాయంత్రం వచ్చి "ఎష్టాయ్తు?" అంది, ఎంతైంది అని. క్లినిక్ బిల్లు చూపించా. అప్పట్నుంచి నెలకో బస్తా నూకల డబ్బు తనే కట్టేస్తుంది. నా చేతికివ్వదు, నేరుగా కొట్లోనే. ఆవిణ్ణి చూసే మిగతావాళ్లకీ అదే చెప్పడం మొదలుపెట్టా: క్లినిక్‌కే పంపండి, నాకొద్దు. చనిపోయినవాటి సంగతి కూడా వాట్సాప్ గ్రూపులో రాస్తా. మొదటిసారి రాసినప్పుడు కొందరు వెళ్లిపోయారు, నిజమే.

పురుగులు పట్టిన గాయం వీడియో పెడితే గంటలో డబ్బు పడుతుంది. కానీ అది ఆ కుక్క పేరున వచ్చిన డబ్బు. మిగిలితే అడక్కుండా అద్దెకి వాడకండి. ఆదాయపన్ను శాఖ గుర్తింపు (80జీ అంటారు) రాకుండా, ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు ఉందని అసలు చెప్పకండి.

"మా వీధి కుక్కని తీసుకుపోండి, ఖర్చు ఇస్తాం" అనేవాళ్లు చాలామంది వస్తారు. ఒప్పుకోకండి. 2023 ఏబీసీ రూల్స్ (వీధికుక్కల సంతాన నియంత్రణ నియమాలు) ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబీస్ టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి. చెవికి గాటు ఉంటే అయిపోయిందని గుర్తు.

సొంతంగా పెట్టేముందు 1991 నుంచి బెంగళూరులో ఉన్న జంతు సంక్షేమ సంస్థ క్యూపా లాంటి చోట ఆర్నెల్లు ఊడ్చి కడిగి చూడండి. కరవకముందే మీరూ రేబీస్ టీకా వేయించుకోండి.

నా దగ్గర ఇప్పుడు పద్నాలుగున్నాయి. ఒకటి దత్తతకి వెళ్తే తప్ప పదిహేనోదానికి ఫోన్ ఎత్తను.