చేరే తేదీ తెలియదు, ఇప్పుడే ఇల్లు ఖాళీ చేయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నేను ప్రైవేటు పాఠశాలలో టీచర్ని, జీతం 18,000 రూపాయలు. మావారు మే నెలలో ఎంబీఏ పూర్తిచేశారు. హైదరాబాదు కంపెనీ ఒకటి ఎంపిక పత్రం ఇచ్చింది కానీ, ఎప్పుడు చేరాలో చెప్పలేదు. ఈలోగా రాయగడలో మా సంఘం నడిపే పిల్లల హాస్టల్లో ఏడాది సేవ చేయమని పాస్టరు గారు ఆయన్ను అడుగుతున్నారు. భోజనం, వసతి కాక నెలకు 9,000 ఇస్తారట. సంఘానికి ఇచ్చే దశమభాగం 1,800తో కలిపి మా ఖర్చు 15,500. చదువు అప్పు 3,60,000, వడ్డీ 10.5 శాతం. బ్యాంకులో డిపాజిట్టు 1,90,000 ఉంది. దేవుడు దారి చూపిస్తాడు, నువ్వు ఉద్యోగం మానేసెయ్, ఇద్దరం హైదరాబాదు వెళ్లిపోదాం అంటున్నారు మావారు. డిపాజిట్టులోంచి 50,000 మొక్కుబడి కానుకగా సంఘానికి ఇమ్మంటున్నారు మామగారు. లెక్కలు వేసుకుంటుంటే నాకు విశ్వాసం తక్కువంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. నేనూ ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్లే మనిషినే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు అడిగిన మాట మీ మామగారికి బాగా తెలిసే ఉంటుంది. మీరు చేస్తున్నదీ అదే.

మీకు తెలియనిది చేరే తేదీ ఒక్కటే. ఆ తేదీ కోసం ఎదురుచూడటానికి నెలకు ఎంత ఖర్చవుతుందో మాత్రం ఇప్పుడే తెలుసుకోవచ్చు. హైదరాబాదు వెళ్లారనుకుందాం. ఇంటి అడ్వాన్సు, ప్రయాణం, గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు కలిపి 50,000 అవుతాయి. డిపాజిట్టులో 1,40,000 మిగులుతాయి. ఇద్దరికీ నెలకు 25,000, అప్పు మీద వడ్డీ 3,150. ఒక్క జీతం కూడా లేకుండా ఆ డబ్బు అయిదు నెలలు కూడా నిండుగా రాదు. మామగారు చెప్పిన 50,000 కూడా ఇచ్చేస్తే మూడు నెలలకే చేయి ఖాళీ. అదే పర్లాకిమిడిలో మీ ఉద్యోగంతో ఉంటే, వడ్డీ కట్టాక కూడా నెలకు తక్కువ పడేది 650 రూపాయలే. ఈ రెండు అంకెలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి మీవారికి చూపించండి. వాదించనవసరం లేదు.

మొక్కుబడి గురించి నా అభిప్రాయం గట్టిదే. మీ జీతంలోంచి ఇస్తున్న 1,800 ఆపకండి. అది మీ కష్టార్జితం, మీ ఇష్టం. కానీ ఇంట్లో 3,60,000 అప్పు ఉండగా డిపాజిట్టు విరిచి కానుక ఇవ్వడం వేరు. లెక్క సూటిగా చూస్తే ఆ సొమ్ము బ్యాంకుకు బాకీ ఉన్న సొమ్ము. మీవారి మొదటి జీతం చేతికి వచ్చిన నెలలో కృతజ్ఞతార్పణగా ఇస్తామని మామగారికి మర్యాదగా చెప్పండి. పెద్దాయన మనసు నొచ్చుకోకుండా ఆ మాట మీకంటే మీవారు చెబితేనే బాగుంటుంది.

ఇక అప్పు. చదువు అప్పులకు సాధారణంగా కోర్సు అయిపోయాక ఒక ఏడాది వరకు వాయిదా కట్టనవసరం ఉండదు. అయితే వడ్డీ మాత్రం ఆగదు. ఆ ఏడాది వడ్డీ 37,800 కట్టకుండా వదిలేస్తే అది అసలులో కలుస్తుంది. ఏడేళ్ల గడువు పెట్టుకుంటే నెల వాయిదా సుమారు 6,070 నుంచి 6,700కు పెరుగుతుంది. ఈరోజు కట్టని 37,800కు బదులు మున్ముందు 53,000 పైగా కట్టాలి. అందుకే నెలనెలా వడ్డీ కట్టేయమంటున్నాను. మొదటి వాయిదా ఏ తేదీన పడుతుందో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

రాయగడ సంగతి మీరు చిన్నగా రాశారు కానీ, నాకు అన్నిటికంటే మంచి దారి అదే అనిపిస్తోంది. అక్కడ తిండికీ బసకూ ఖర్చు లేదు. 9,000 వస్తే మీ లోటు తీరి పైన కొంత మిగులుతుంది. అయితే ఏడాది ఉంటానని మాట ఇచ్చి మూడో నెలలో వెళ్లిపోతే నష్టపోయేది ఆ పిల్లలు. కంపెనీ పిలిస్తే నెల ముందు చెప్పి వెళ్తానని పాస్టరు గారితో ఇప్పుడే మాట్లాడుకోమనండి. అందుకు ఆయన ఒప్పుకోకపోతే ఈ పని తీసుకోవద్దు. తేదీ లేని ఎంపిక పత్రాన్ని ఆదాయంగా లెక్కపెట్టకూడదు. తేదీ అడుగుతూ కంపెనీకి ఉత్తరం రాయాలి. అక్టోబరు నెలాఖరుకు జవాబు రాకపోతే ఆ దారి మూసుకుందనుకుని భువనేశ్వర్‌, విశాఖపట్నాల్లో గట్టిగా ప్రయత్నించాలి. గడువు పెట్టుకున్నంత మాత్రాన ప్రార్థన ఆగిపోదు కదా.

కళాశాల ఇచ్చిన ఆరోగ్య బీమా ఏదైనా ఉంటే అది చదువుతోనే ముగిసి ఉంటుంది. ఇద్దరికీ కలిపి పాలసీ ఇప్పుడే తీసుకోండి. ప్రమాదాలకు తప్ప మిగతా జబ్బులకు మొదటి 30 రోజులు బీమా వర్తించదు. ఆ రోజులు ఊళ్లో ఉండగానే గడిచిపోతే మంచిది.

1936లో పర్లాకిమిడి మద్రాసు రాష్ట్రం నుంచి ఒడిశాలో కలిసినప్పుడు మన పెద్దలు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారారు. అప్పటి నుంచి మన కాగితాలన్నీ ఒడిశావే. నివాస ధ్రువపత్రం, వివాహ నమోదు పత్రం, మీ బోధనానుభవ పత్రం ఇక్కడ ఉండగానే చేయించుకోండి. తర్వాత వాటి కోసం రెండు రోజులు సెలవు పెట్టి హైదరాబాదు నుంచి తిరిగి రావడానికి ఒక నెల మిగులు కరిగిపోతుంది.

కంపెనీ పిలిచిన రోజున మీవారిని ఒక్కరినే, ఒక సంచీతో పంపండి. రెండు నెలలు ఏదైనా హాస్టల్లో ఉంటారు. రెండో జీతం ఆయన ఖాతాలో పడ్డాక మీరు బడికి రాజీనామా ఇవ్వండి, ఇంటి యజమానికి కూడా అప్పుడే చెప్పండి.