సైన్స్ కథలు చెప్పబోయే మా బిడ్డకు

బిడ్డా,

హనుమకొండ నుంచి పెద్దబాపు ఆశీస్సులు. తొమ్మిదో తరగతికి సైన్స్ ఫిక్షన్ కథలు ఎట్ల చెప్పాల్నని అడిగినవు. ఇంగ్లీషు టీచర్ని, సైన్సు రాదని భయమన్నవు. ఆ భయం వదిలెయ్. సైన్సు బాగా వచ్చినోళ్ళతోనే తంటా ఎక్కువ. కథ మొదలుకాకముందే బోర్డు నిండా సూత్రాలు రాసి పిల్లల నోరు మూయిస్తరు.

నువ్వు పట్టుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ కథల లోకం ఎక్కడ మారింది, దానివల్ల ఎవరి బతుకు ఎట్ల మారింది? "ఇది నిజంగ జరుగుతదా టీచర్?" అని ఎవడో ఒకడు లేస్తడు. అప్పుడే జవాబు చెప్పకు. చెప్పినవంటే పీరియడంతా రాకెట్ల మీదికి పోతది, కథ మూలకు పడ్తది.

అమెరికా రచయిత ఐజాక్ అసిమోవ్ రాసిన 'ద ఫన్ దే హ్యాడ్'తో మొదలుపెట్టు. 1951 నాటిది, చిన్న కథ. సీబీఎస్ఈ తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పుస్తకం 'బీహైవ్'ల మొదటి పాఠంగ ఏండ్ల తరబడి ఉన్నది కాబట్టి పాత పుస్తకం దొరుకుతది. అది 2157వ సంవత్సరం. బడి లేదు, మార్గీ అనే పదకొండేండ్ల పిల్లకు ఇంట్లనే యంత్రం పంతులు. హోంవర్కు తప్పిందని మనోళ్ళు సంబురపడ్తరు. తప్పలేదు, యంత్రానికున్న సందుల వెయ్యాలె. మార్గీకి అన్నిటికంటే రోత ఆ సందే. జాగ్రఫీల వెనకబడితే ఇన్‌స్పెక్టర్ వచ్చి, యంత్రం విప్పి, పాఠం వేగం తగ్గించి పోతడు.

ఇక్కడ తొందరపడకు. 2020ల కరోనా అప్పుడు దూరదర్శన్ యాదగిరి చానల్‌ల, తెలంగాణ సర్కారు టీ-శాట్ చానల్‌ల పాఠాలు చూసిన తరం ఇది. "టీవీల సారు ఉరికితే, మెల్లగ చెప్పుమన్నదెవరు?" అని అడుగు. ఫోను కోసం అన్నతోని కొట్లాడినోళ్ళు, కరెంటు పోయి సగం పాఠమే చూసినోళ్ళు, అందరికీ మాటలొస్తయి. ఆ తర్వాతే ముగింపు చదివించు. పాతకాలపు పిల్లలకు బడి ఎంత ఇష్టమో అని మార్గీ అనుకుంటది. వెనక బెంచీ నవ్వుతది, నవ్వనీ. మన బడి గురించి ఆ పిల్లకు తెల్వనిదేందని అడిగితే బెత్తం సంగతి వాళ్ళే ఎత్తుతరు.

రెండోది జగదీశ్ చంద్రబోస్ 1896ల బెంగాలీల రాసిన 'నిరుద్దేశేర్ కాహినీ'. కుంతలీన్ తలనూనె వాళ్ళ కథల పోటీకి రాసిండు. ఓడల పోతున్న మనిషి సముద్రంల తలనూనె సీసా పారేస్తే తుఫాను మాయమైతది! కథ నువ్వే నోటితో చెప్పు. చెప్పినంక పళ్ళెంల నీళ్ళు పోసి, పైన పసుపు చల్లి, సబ్బు అంటిన వేలు ముట్టించు. పసుపు అంచులకు ఉరుకుతది. ఇది నీళ్ళ పైపొర బిగువు, అంటే తలతన్యత; దాని సంగతి భౌతికశాస్త్రం సారు చెప్తడు. నువ్వు మాత్రం నిజం ఎక్కడ ఆగింది, కోతలు ఎక్కడ మొదలైనయని అడుగు.

అమెరికా రచయిత రే బ్రాడ్‌బరీ 1950ల రాసిన 'దేర్ విల్ కమ్ సాఫ్ట్ రెయిన్స్' అనే కథ ఉంది, మనుషులు లేని ఇల్లు తన పని తను చేసుకుంటపోతది. అది పదోతరగతికి దాచుకో.

రాయించేటప్పుడు గ్రహాంతరవాసులను రానియ్యకు, అందరివీ ఒకే తీరుగుంటయి. పత్తి ఏరే రోబో ఊళ్ళె ఒక్క ఆసామికే ఉన్నదనుకొని రాయుమను, మిగతాదేదీ మార్చొద్దు. కూలి ఎవరికి పోయింది? అమ్మతోని చేనుకు పోయే పిల్ల బడికొచ్చిందా, లేక ఇంకో పనికి పోయిందా? పత్తిల తేమ ఎంతో రోబోనే చెప్పేస్తే ఎనుమాముల మార్కెట్ల పత్తి బేరం ఎట్లుంటది? ఇవన్నీ నీకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. రోబోకు ఎన్ని చేతులో వర్ణించినోనికి కాదు, ఒక్క మనిషి ఇల్లు మారిన తీరు రాసినోనికి మార్కులెయ్యి. స్పెల్లింగులు ఇంకోనాడు దిద్దుకోవచ్చు.

ఇదంతా దసరా సెలవులకు ముందే కానియ్యి. పత్తి ఏరుడు మొదలైతే సగం బెంచీలు ఖాళీ.

ఇట్లు
మీ పెద్దబాపు