పెద్దనాయన జాబు: బెంజి బండి చెక్క పాలిష్ గురించి

నాయనా,

ఆ పాత ఇ220 బెంజిలో చెక్క పలకలన్నీ నువ్వే ఊడదీసి పాలిష్ పట్టాలనుకుంటున్నావని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. ఊరికే పాడుచేసుకుంటాడేమో, బెంగళూరుకు పంపొచ్చు కదా అని ఆయన దిగులు. నాకైతే సంతోషమైంది. 1995లో పూణేలో బిగించడం మొదలుపెట్టిన బండి అది. దాని చెక్కను సొంత చేత్తో బాగుచేసుకోవాలనే బుద్ధి పుట్టడమే గొప్ప. భయం కూడా ఉంది, అందుకే ఇంత పొడుగు జాబు.

ముందు భయం సంగతి. ఆఖరున కొట్టే పారదర్శకమైన మెరుపు పూత, అదే 2కె క్లియర్, రెండు డబ్బాలు కలిపి వాడేది. దాన్ని గట్టిపరచను కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. అది ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోయిందంటే, తర్వాత రవంత తగిలినా ఉబ్బసం లేస్తుంది. మూతికి గుడ్డ కట్టుకుంటే ఆగేది కాదు. వాసన రాలేదు కదా అని ధైర్యం చేయొద్దు. బయటి మంచిగాలి గొట్టంలో అందించే మాస్కు, గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా స్ప్రే గన్ పట్టుకున్నావని తెలిస్తే నేనే కర్నూలుకు వచ్చి గన్ లాక్కుంటా. ఇంట్లో పసిబిడ్డ ఉంది, మిద్దె మీద కూడా కొట్టొద్దు. పెయింటింగ్ షాపు వాళ్ల స్ప్రే కొట్టే గది (బూత్) కాసేపు అడుక్కో. మిగతా పనంతా ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఊడదీయడం: బ్యాటరీ నెగెటివ్ తీసెయ్, ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్ల జోలికి పోవద్దు. పాత క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి ప్లాస్టిక్ పట్టీతో ఎత్తు. గేరు చుట్టూ ఉండే ముక్కలో కిటికీ స్విచ్చులుంటాయి, వైర్లు ఫోటో తీసుకో. ఏ ముక్క స్క్రూలు ఆ ముక్క కవర్లోనే ఉండాల.

ఇంగ అసలు సంగతి. మన ఎండల్లో నిలిపిన బండి డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటుతుంది. పగిలింది చాలాసార్లు చెక్క కాదు, దాని మీది క్లియర్. అది ఎండకు పెళుసుబారి చీలుతుంది, ఆ చీలికల్లోంచి తేమ దిగి అడుగున మచ్చలు పడతాయి. క్లియర్ మందంగా ఉంటుంది, దాని కిందున్న వెనీర్, అంటే అతికించిన పలుచటి చెక్క పొర, అర మిల్లీమీటర్ అటు ఇటు, అంతే. ఈ పనిలో ఎప్పటినుంచో అందరూ చేసే తప్పు, ఆ అర మిల్లీమీటర్‌ను మరిచిపోయి రుద్దడం.

రుద్దుడు మిషన్ పెట్టొద్దు. హీట్ గన్ తక్కువ వేడిలో పెట్టి, మొద్దు బ్లేడుతో క్లియర్‌ను పెచ్చులుగా లేపు. వేడి ఒకచోట నిలిపితే వెనీర్ కింద జిగురు కరిగి పొక్కు లేస్తుంది. మిగిలినదానికి చెక్కదిమ్మెకు చుట్టిన 180 నంబరు గరుకు పేపర్, తర్వాత 240, 320, ఎప్పుడూ చెక్క చార (గీత) వెంబడే. ముడులుముడులుగా ఉండే వాల్‌నట్ బర్ అయితే చార దిశ ఉండదు, తేలిగ్గా గుండ్రంగా తిప్పు. రాలే పొడిని చూస్తా ఉండు. తెల్లగా రాలినంతసేపు అది క్లియర్. గోధుమరంగు తిరిగిందంటే చెక్క వచ్చేసింది, ఆ చోట ఆపెయ్.

అంచుల దగ్గరే కొంప మునుగుతుంది. దిమ్మె రవంత వాలిందంటే బరువంతా అంచు మీదే పడుతుంది, నాలుగు రుద్దులకే అడుగున జిగురు కనబడుతుంది. అందుకని చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్లు మాస్కింగ్ టేప్ వేసి నడుమ భాగం ముగించు. తర్వాత టేప్ తీసి, అంచులను 320తో ఒట్టి చేత్తో నిదానంగా చెయ్. అయిందనుకున్నాక థిన్నర్‌తో తడిపి వెలుతురులో చూడు. తడవకుండా మెరిసే మచ్చ ఉంటే అక్కడ పాత క్లియర్ ఇంకా ఉంది, లేకుంటే వెనీర్ పోయి జిగురు బయటపడింది. రెండిట్లో ఏదో తేలేదాకా పేపర్ ముట్టుకోవద్దు. పొరపాటున తెగిందనుకో, లప్పం పెట్టొద్దు, అది ఎప్పటికీ కనబడుతుంది. మొదటి క్లియర్ మీద సన్న కుంచెతో రంగు దిద్ది, చార కలిపి, పైన మళ్లీ క్లియర్ కొట్టు. ఆ ఒక్క ముక్కకే కొత్త వెనీర్ వేస్తే పక్క ముక్కల చారతో కలవదు, అన్నీ మార్చాల్సి వస్తుంది.

లేచిన వెనీర్ కింద ప్లైవుడ్ ఉంటే పలుచన చేసిన ఫెవికాల్ సిరంజితో ఎక్కించి, మైనపు కాగితం అడ్డంపెట్టి ఒకరోజు క్లాంప్ బిగించు. అల్యూమినియం ఉంటే ఫెవికాల్ పట్టదు, ఆరాల్డైట్ వాడు. నల్లమచ్చలకు ఆక్జాలిక్ యాసిడ్ పనిచేస్తుంది గానీ అది విషం, బిడ్డకు అందనీయొద్దు. రంగు వేసేముందు ముక్క వెనకనో, పనికిరాని ముక్క మీదనో చూసుకో.

క్లియర్ ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రకం కొనొద్దు, ఎండకు పసుపెక్కి మళ్లీ చీలుతుంది. యూవీ తట్టుకునే 2కె క్లియర్ తెచ్చి, డబ్బా మీదున్న కొలతకే కలుపు. కర్నూలు ఎండలో మధ్యాహ్నం కొడితే పైపొర ముందే బిగుస్తుంది, అడుగున చిక్కిన థిన్నర్ సూదిబెజ్జాలుగా పేలుతుంది. తెల్లవారుజామున, నిదానంగా ఆరే స్లో థిన్నర్‌తో కొట్టు. వాన ముసురుంటే ఆ రోజు గమ్మున ఉండు, తేమతో హార్డెనర్ బుడగలు లేపుతుంది. కోటుకు కోటుకు పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి మూడు కోట్లు కొట్టు. మరుసటి రోజు 600 వాటర్ పేపర్, మళ్లీ మూడు. వారం ఆరాక 1000, 1500, 2000, ఆపైన రబ్బింగ్ కాంపౌండ్. ఆ వారం ఓర్చుకోలేక ముందే రుద్దినావంటే, క్లియర్ తర్వాత కుంగి చార గుంతలు తేలతాయి.

క్లియర్ మందం పెరిగి ఉంటుంది గాబట్టి స్విచ్చుల కంతలు బిగుతైతాయి. బలంగా దూర్చొద్దు, లోపలి అంచు రవంత గీకి పెట్టు.

థిన్నర్‌తో తడిపినప్పుడు అంచులు దగ్గరగా ఫోటో తీసి నాకు పంపు. నేను చూసి చెప్పిందాకా గన్ పట్టుకోవద్దు.

మీ పెద్దనాయన,
అనంతపురం