ప్రశ్నని కాగితం మీద రాసుకో అమ్మలూ

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసింది, మీ ఊరి స్కూల్ బోర్డు ఎలక్షన్ కి నిలబడ్డవాళ్ళ డిబేట్ నువ్వే నడపాలంట కదా, భయపడతా ఉంది అన్నయ్యా నువ్వేమన్నా చెప్పు అంది. ముప్పై ఏళ్ళు తెనాలి కోర్టులో సాక్షుల్ని క్రాస్ చేసినోణ్ణి, చెప్పడానికి బోలెడు ఉంది, నీకు చదివే ఓపిక ఉండాలి అంతే.

ముందు నా పరువు పోయిన సంగతి చెప్తా. ఒక పొలం కేసు. దస్తావేజు మీద సాక్షి సంతకం పెట్టిన పెద్దాయన బోనెక్కాడు. ఆ దస్తావేజు రాసిన రోజు మీరు ఊళ్ళో ఉన్నారా లేరా, నేనడిగింది ఇదొక్కటే. ఆయన వాళ్ళ నాన్న ఆ పొలంలో బావి తవ్వించిన దగ్గర్నుంచి ఎత్తుకుని, తుఫానుకి కొట్టుకుపోయిన గట్టు మళ్ళీ ఎట్లా వేశారో, కూలీలకి ఎంతిచ్చారో చెప్పుకుంటూ పోయాడు, ఎంత బాగా చెప్పాడంటే జడ్జి గారు కూడా పెన్ను కింద పెట్టి వింటున్నారు, నేనూ విన్నా, విని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోబోయా. వెనకనుంచి మా గుమస్తా ఒక చీటీ తోశాడు. దాంట్లో నేనడిగిన ప్రశ్నే రాసుంది. మళ్ళీ అవే మాటలతో అడిగా. మూడోసారికి గానీ "లేనండి" అన్న మాట రాలా.

ఆయన్ననడానికేం లేదు, ప్రశ్న మర్చిపోయింది నేను. రాజకీయ నాయకులు బతికేది ఈ మతిమరుపు మీదే. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడంట ఒకడు, వాడు తెలివితక్కువోడు కాబట్టి దొరికిపోయాడు. తెలివైనోడైతే తాటిముంజల గురించి అడిగితే కొబ్బరినీళ్ళ గురించి చెప్తాడు, రెండూ చెట్టు మీదవేగా, నీకు తేడా తట్టదు. హార్వర్డ్ లో టాడ్ రోజర్స్, మైకేల్ నార్టన్ అని ఇద్దరు దీన్నే పరీక్ష పెట్టి చూశారు, 2011లో పేపర్ వచ్చింది. డిబేట్ లో ఒక నాయకుడు వైద్యం గురించి చెప్పే ఒకటే జవాబు అందరికీ వినిపించి, ముందు వచ్చే ప్రశ్న మాత్రం మార్చారు. డ్రగ్స్ గురించి అడిగినప్పుడు ఆ వైద్యం జవాబే చెప్పినా విన్నవాళ్ళలో ఎక్కువమంది పట్టుకోలా, టెర్రరిజం గురించి అడిగినప్పుడు మాత్రం పట్టేశారు. అదే ప్రశ్నని స్క్రీన్ మీద రాసి ఉంచితే డ్రగ్స్ ప్రశ్న దాటేసిన దొంగ కూడా దొరికిపోయాడు. మా గుమస్తా ఏ హార్వర్డూ చదవలా.

2024 అక్టోబర్ 1న అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీపడ్డ వాన్స్, వాల్జ్ ల డిబేట్ ఉంది చూడు, అది పెట్టుకుని ప్రతి ప్రశ్న దగ్గరా ఆపుకుంటూ చూడు. 1989లో చైనాలో తియనన్మెన్ గొడవలప్పుడు హాంకాంగ్ లో ఉన్నానన్నారు, మీరు ఆగస్టు దాకా అటు వెళ్ళలేదని పేపర్లవాళ్ళు అంటున్నారు, ఏంటి సంగతి అని వాల్జ్ ని అడిగారు. ఆయన ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాడో తెలుసా, నెబ్రాస్కాలో 400 మంది ఉన్న ఊళ్ళో పెరిగా, వీధిలైట్లు వెలిగేదాకా సైకిళ్ళు తొక్కేవాళ్ళం అని. అచ్చం మా బావి పెద్దాయనే! డిబేట్ నడిపిన మార్గరెట్ బ్రెన్నన్ అంతా విని, గవర్నర్ గారూ, అడిగింది ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పమని, అంది. అప్పుడు తప్పుగా మాట్లాడానని ఒప్పుకోక తప్పలా. ఆ రాత్రే ఆ వాల్జే వాన్స్ ని, 2020లో ట్రంప్ ఓడిపోయాడా అని అడిగాడు. నా దృష్టంతా భవిష్యత్తు మీదే అన్నాడు వాన్స్. మన వడ్లూరు మూలాలున్న ఉష గారి భర్తని మనవాళ్ళు ఎంత మురిసిపోయినా దాటేసింది దాటేసిందే. అది జవాబు కాదని వాల్జ్ అక్కడికక్కడే అనేశాడు, కోర్టులో "సాక్షి సమాధానం చెప్పలేదు" అని రాయించుకుంటాం చూడు అలాంటిదది, ఒక్కోసారి మనకి అదే చాలు. అధ్యక్ష అభ్యర్థుల పెద్ద డిబేట్ లోనూ ఇదే కథ, కమలా హారిస్ ని నాలుగేళ్ళ కిందటికంటే జనం బాగున్నారా అంటే నేను మధ్యతరగతిలో పెరిగా అంది, ట్రంప్ ని యుక్రెయిన్ గెలవాలని ఉందా అని రెండుసార్లు అడిగితే రెండుసార్లూ యుద్ధం ఆగాలనే అన్నాడు.

మన దేశంలో అయితే ఇంత శ్రమ కూడా లేదు. 2024 మేలో ఇద్దరు రిటైర్డ్ జడ్జీలు, జర్నలిస్టు ఎన్.రామ్ కలిసి మోదీని, రాహుల్ గాంధీని డిబేట్ కి పిలిచారు, రాహుల్ సరే అన్నాడు, డిబేట్ మాత్రం జరగలా.

నవ్వించేవాళ్ళతో ఇంకా జాగ్రత్త. 1984 డిబేట్ లో అమెరికా అధ్యక్షుడు రీగన్ కి 73 ఏళ్ళు, ఈ వయసులో సంక్షోభం వస్తే తట్టుకోగలరా అని హెన్రీ ట్రూయిట్ అనే విలేకరి అడిగాడు. ఓ తట్టుకుంటా, నా ప్రత్యర్థి చిన్నతనాన్నీ అనుభవలేమినీ మాత్రం నేను వాడుకోను అన్నాడు రీగన్. ఎదురుగా ఉన్న ప్రత్యర్థి మాండేల్ కూడా పగలబడి నవ్వాడు, పాపం ట్రూయిట్ కూడా ఆ దెబ్బకి దణ్ణం పెట్టి వేరే ప్రశ్నకి వెళ్ళిపోయాడు. నువ్వూ నవ్వు, తప్పేం లేదు, నవ్వయ్యాక చీటీ చూసి మళ్ళీ అడుగు. అట్లాగని 1997లో బీబీసీలో జెరెమీ పాక్స్‌మన్ మైకేల్ హవర్డ్ అనే బ్రిటన్ నాయకుణ్ణి ఒకే ప్రశ్న 12 సార్లు అడిగినట్టు అడగబాక. మీ ఊరి హాల్లో రెండుసార్లు చాలు, మూడోసారికి జనం జాలిపడి అతని పక్కకి వెళ్ళిపోతారు.

ఇంకోటి, నువ్వు వాట్సాప్ లో పంపిన మొదటి ప్రశ్న చూశా. "బస్సు రూట్లు, బడ్జెట్, పిల్లల సేఫ్టీ గురించి మీ అభిప్రాయం ఏంటి" అన్నావు. మూడు వాకిళ్ళు తెరిచిపెట్టి దొంగని పట్టుకుంటానంటే ఎట్లా, వాడికి ఏది తేలికైతే దాంట్లోంచి పోతాడు. "వచ్చే ఏడాది బస్సు రూట్లు తగ్గించాలని తీర్మానం వస్తే మీరు ఓటేస్తారా వెయ్యరా" అని అడుగు. అడిగాక నోరు మూసుకో, ఆ నాలుగు సెకన్ల నిశ్శబ్దం నీకు ఇబ్బందిగా ఉంటే అతనికి ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. ప్రశ్నలన్నీ పెద్ద అక్షరాలతో వెనక స్క్రీన్ మీద వేయించు, కుదరదంటే చార్టు మీదన్నా రాయించు.

మిగతా ప్రశ్నలు కూడా ఇట్లాగే కోసి పంపు. ఆదివారం మీకు పొద్దున్న, మాకు రాత్రి, ఫోన్లో కూర్చుందాం. నేను అభ్యర్థిలా దాటేస్తా ఉంటా, నువ్వు పట్టుకో. ఆ వేషం నాకు ప్రాక్టీసు లేకుండానే వచ్చంటోంది మీ అత్తయ్య.

మీ పెదమావయ్య