నడుం నొప్పి: డాక్టరుకు ఏం చెప్పాలి?

నడుం నొప్పితో డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లినా ఐదు నిమిషాల్లో మాత్రలు రాసి పంపేశారని, వచ్చే వారం మళ్లీ అపాయింట్‌మెంట్ ఉందని మీరన్నారు. బహుశా "నడుం నొప్పిగా ఉంది" అన్న దగ్గరే మాట ఆగిపోయి ఉంటుంది. అంతమాత్రంతో కండరం పట్టేసిందో, నరం నొక్కుకుందో తేలదు.

1. అపాయింట్‌మెంట్ దాకా రోజూ రెండు ముక్కలు రాసుకోండి: నొప్పి ఎప్పుడు పెరిగింది, ఏం చేస్తే తగ్గింది.

2. చాలామంది వదిలేసేది ఇదే. నొప్పి ఎంతుందో కాదు, దానివల్ల ఏ పని ఆగిపోయిందో చెప్పండి. "పది నిమిషాలు నిలబడితే ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా లాగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది", "సాక్సు వేసుకోవడానికి వంగలేకపోతున్నాను", ఇలా. పొద్దున లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి, నాలుగడుగులు తిరిగాక సడలే నొప్పి వేరే రకం. అదీ చెప్పాలి. ఎక్కడి దాకా పాకుతుందో వేలితో చూపించండి.

3. వాడుతున్న మందులన్నీ, పెయిన్ కిల్లర్లు రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో సహా రాసుకెళ్లండి. అల్సర్, కిడ్నీ సమస్య, రక్తం పలచబడే మందులు ఉంటే ముందే చెప్పండి, మొహమాటం వద్దు.

4. పాత ఎక్స్‌రే, ఎమ్మారై స్కాన్ ఉంటే రిపోర్టులతో సహా తీసుకెళ్లండి.

మూత్రం రాకపోయినా, మల మూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గుతున్నా అపాయింట్‌మెంట్ దాకా దయచేసి ఆగకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.