మానని గాయానికి ఏ పైపూత మందు వాడాలి?

మీ అమ్మగారి పిక్క మీద చిల్లకంప గీరుకుని అయిన గాయం నెల దాటినా మానలేదని, ఆమెకు షుగరు కూడా ఉందని, పసుపు, బీటాడిన్, తేనెల్లో ఏది పూస్తే త్వరగా మానుతుందో చెప్పమని అడిగారు. నేను డాక్టరును కాను. అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర నీటిని చిలికి గాలి కలిపే ఏరేటరు యంత్రం రెక్క తగిలి మా నాన్నగారి కాలికి గాయమైనప్పుడు, నెల్లూరులో సర్జన్ గారు చెప్పిన ప్రకారం ఇంట్లో కట్లు మార్చింది నేనే. ఆ అనుభవం మీద చెబుతున్నాను: గాయాన్ని మాన్పుకునేది శరీరమే, పైన పూసే మందు ఆ పనికి అడ్డు లేకుండా చూస్తుంది. అందుచేత గాయం ఇప్పుడు ఏ దశలో ఉందో చూసి మందు ఎంచుకోవాలి.

గాలికి ఆరి పెచ్చు కడితేనే పుండు మానుతున్నట్లని మన వైపు గట్టి నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మంపై చిన్న గాయాలు చేసి, కొన్నిటిని ఆరనిచ్చి, కొన్నిటిని పాలిథిన్ పొరతో కప్పి చూస్తే, తడి ఆరకుండా కప్పిన వాటిపైన కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. పెచ్చు కట్టిన చోట చర్మకణాలు తడి కోసం దాని కింద లోతుగా పాకవలసి రావడమే ఆలస్యానికి కారణం. యాంటీబయాటిక్ పౌడరు చల్లే అలవాటు నాకు నచ్చనిది ఇందుకే. అది రసితో కలిసి పెళ్లకట్టి, కింద ఏం జరుగుతోందో కనిపించనివ్వదు.

బీటాడిన్ మురికి గాయానికి, చీము ఉన్న గాయానికి తొలి రోజుల్లో పనికొస్తుంది. అయితే అందులో ఉండి క్రిములను చంపే అయోడిన్ కొత్తగా పుట్టే కణాలకూ హాని చేయగలదు. నాన్నగారి గాయంలో పసుపుపచ్చని పొర పోయి, దానిమ్మ గింజల్లాంటి ఎర్రని కండ కనబడగానే సర్జన్ గారు బీటాడిన్ ఆపించి, సెలైన్‌తో కడిగి వాజెలిన్ పూసిన గాజుగుడ్డ వేయమన్నారు. అంతకుముందు పొడి గుడ్డ ఊడదీసిన ప్రతిసారీ కండకు అంటుకుని రక్తం చిమ్మేది. ఆ తర్వాత గుడ్డ అంచు పట్టుకుని ఎత్తితే జారి వచ్చేది, గాయం అంచున లేత గులాబీ రంగు చర్మం లోపలికి పాకడం కనిపించేది. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూసి శుభ్రమవుతోందని సంబరపడవద్దు, అదీ కణాలను దెబ్బతీస్తుంది. కడగడానికి శుభ్రమైన తాగునీరైనా చాలు.

శుభ్రంగా ఉన్న గాయానికి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటు కూడా అక్కర్లేదు. చర్మంపై చేసిన చిన్న ఆపరేషన్ల తర్వాత బాసిట్రాసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటును, మామూలు వాజెలిన్‌ను పోల్చిన అధ్యయనం 1996లో అమెరికాలో వెలువడింది. ఇన్‌ఫెక్షన్ల విషయంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే మిశ్రమ క్రీముల పెట్టె మీద మాత్రం పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటివి ఉంటే అవి స్టెరాయిడ్లు, గాయం మానడాన్ని నెమ్మదింపజేస్తాయి. కాలిన గాయాలకు వాడే తెల్లని సిల్వర్ క్రీమును ప్రతి పుండుకూ పూయడమూ సరికాదు.

తేనె విషయంలో మీ ఆలోచన తప్పు కాదు. పైపైన కాలిన గాయాలకు అది మేలు చేస్తుందని పరీక్షల్లో తేలింది. కానీ అందుకు వాడవలసింది గామా కిరణాలతో శుద్ధి చేసిన వైద్య తేనెనే. వంటింటి సీసాలోది కాదు. పసుపూ, గడ్డిచేమంతి ఆకు పసరూ చిన్న గాట్లకు మన పెద్దలు వాడినవే అయినా, తెరిచి ఉన్న షుగరు పుండులో మట్టి అంటిన ఆకు పిండడం ప్రమాదం.

ఇక మీ అమ్మగారి సంగతి. నెల దాటిందంటే మందు మార్చడం కంటే ముందు కారణం వెతకాలి: షుగరు అదుపులో ఉందా, పాదంలో నాడి అందుతోందా, కాలు వాస్తోందా చూపించండి. ఎరుపు పైకి పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి కూడా కనుక్కోండి. ముఖ్యంగా, చిల్లకంప ముల్లు మొన విరిగి లోపల ఉండిపోతే ఏ పూత వేసినా పుండు పైన మూసుకుని మళ్లీ రసి కారుతూనే ఉంటుంది. ముల్లు ఎక్స్‌రేలో సాధారణంగా కనబడదు కనుక, గాయం దగ్గర అల్ట్రాసౌండ్ తీయించమని సర్జన్ గారిని అడగండి.