బొమ్మ రాకపోతే ముందు టీవీని తిట్టకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించావనీ, షష్టిపూర్తి నాడు ఫంక్షన్ హాల్లో పెద్ద టీవీ మీద వేసి చుట్టాలందరికీ చూపిస్తావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మంచి ఆలోచన. అయితే ఇంట్లో వేసి చూస్తే ఒకసారి బొమ్మే రాలేదట, ఇంకోసారి బొమ్మ వచ్చింది కానీ మేళం వినపడలేదట. టీవీకి వయసైపోయిందేమో, కొత్తది కొందామా అని మీ నాన్న అంటున్నారట. బావగారిని కాస్త ఆగమను. కాలేజీ సెమినార్ హాలు నా చేతిలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి ఫిర్యాదులే విన్నాను. వాటిలో నిజంగా టీవీ పాడైనవి బహు అరుదు. ల్యాప్‌టాప్‌లో ఒక సెట్టింగో, తీగో, వీడియో ఫైలో కారణమై ఉంటుంది. నింద మాత్రం పెద్ద తెర మీద పడుతుంది.

ఫైలు, ల్యాప్‌టాప్, తీగ, టీవీ. బొమ్మ ఈ వరుసలో ప్రయాణిస్తుంది, నువ్వూ ఈ వరుసలోనే వెతకాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. తీగ మార్చేసి, రిమోట్‌లో నాలుగు సెట్టింగులు నొక్కేసి, ల్యాప్‌టాప్ కూడా ఆపి వేస్తే బొమ్మ వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు. హాల్లో మళ్లీ పోతే ఏం చేయాలో అసలే తెలియదు.

ముందు తీగ లేకుండా ల్యాప్‌టాప్ తెర మీదే ఆ వీడియోను కాసేపు ఆడించు. అక్కడే ఆగి ఆగి వస్తుంటే టీవీతో నీకు పని లేదు. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ఆడిస్తున్నావేమో చూడు, ఫైలును లోపలికి కాపీ చేసుకుని మళ్లీ వెయ్యి. ఛార్జర్ పెట్టే ఉంచు, బ్యాటరీ పొదుపులో పడితే ల్యాప్‌టాప్ మందగించవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ప్రాసెసర్ 100 శాతం దగ్గర కొట్టుకుంటోందంటే వెనకాల ఏదో అప్‌డేట్ నడుస్తూ ఉండవచ్చు. దాని పని అయ్యేదాకా ఆగు.

తీగ పెట్టేముందు ఒక జాగ్రత్త. రెండు పిన్నుల ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్ లోహపు అంచుకు చెయ్యి తగిలితే ఒక్కోసారి సన్నగా జుమ్మంటుంది. ఛార్జర్‌లోని కెపాసిటర్ గుండా కొద్దికొద్దిగా కారే కరెంటు అది. మంచి ఛార్జర్ అయితే మనిషికి భయం లేదు గానీ టీవీకి బొమ్మ పంపే హెచ్‌డీఎంఐ పోర్టుకు మాత్రం అది మంచిది కాదు. టీవీ వెనక కేబుల్ తీగ కూడా తగిలించి ఉంటే ఈ బెడద ఇంకా ఎక్కువ. కాబట్టి ల్యాప్‌టాప్, టీవీ రెండింటి ప్లగ్గులూ తీసి, హెచ్‌డీఎంఐ తీగ బిగించి, ఆ తర్వాతే స్విచ్ వెయ్యి. ఉరుములు మెరుపులు ఉన్న రోజైతే పని పూర్తికాగానే తీగ తీసేయి.

టీవీ మీద 'సిగ్నల్ లేదు' అని వస్తే కంగారు పడకు. టీవీ బతికే ఉంది, నువ్వు చెప్పిన పోర్టు దగ్గర కాచుకుని ఉంది, అక్కడికి ఏమీ రావడం లేదు, అంతే దాని అర్థం. తీగ గుచ్చింది హెచ్‌డీఎంఐ 2లో, రిమోట్‌లో ఎంచుకున్నది హెచ్‌డీఎంఐ 1. చాలా ఇళ్లలో కథ ఇంతే. అది కాదని తేలితే సెట్‌టాప్ బాక్సుకు పెట్టిన తీగను బాక్సు వైపు నుంచి తీసి ల్యాప్‌టాప్‌కు పెట్టు. ఆ తీగ, ఆ పోర్టు రెండూ నిన్నటిదాకా సీరియళ్లు చూపించినవే కదా. ఇప్పుడు బొమ్మ వస్తే నీ తీగదో, ముందు పెట్టిన పోర్టుదో తప్పు. రాకపోతే ల్యాప్‌టాప్ వైపు చూడు. విండోస్ బటన్, కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని బి నొక్కితే తెర ఒక్క క్షణం నల్లబడి గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. మొండికేసిన ల్యాప్‌టాప్‌లు దీంతో దారికి రావడం చూశాను.

టీవీ మీద వాల్‌పేపర్ కనిపిస్తూ వీడియో మాత్రం కనిపించకపోతే ఏదీ చెడిపోలేదన్నమాటే. విండోస్ బటన్ పట్టుకుని పి నొక్కు. ల్యాప్‌టాప్ తెర ఒక్కటే, రెండింటిలోనూ ఒకే బొమ్మ, రెండూ కలిపి ఒక విశాలమైన తెర, టీవీ ఒక్కటే అని నాలుగు దారులు వస్తాయి. నీది మూడో దారిలో ఉండి ఉంటుంది. అందులో వీడియో ల్యాప్‌టాప్ వైపే ఉండిపోతుంది, మౌసుతో టీవీ వైపు లాగాలి. హాల్లో మాత్రం నేను ఆ మూడో దారే వాడమంటాను. జనానికి వీడియో ఒక్కటే కనిపిస్తుంది. ఫైళ్లు వెతుక్కోవడం, మధ్యలో వచ్చే వాట్సాప్ సందేశాలు నీ తెర మీదే ఉంటాయి. పెద్దవాళ్లంతా కూర్చున్న చోట నీ స్నేహితుల సందేశాలు పెద్ద తెరకెక్కడం ఎవరికి కావాలి? ఇంకొకటి, ల్యాప్‌టాప్ మూత వేయకు, అది నిద్రలోకి పోతుంది.

ఇక మేళం సంగతి. హెచ్‌డీఎంఐ తీగలో బొమ్మతో పాటు శబ్దం కూడా వెళ్తుంది. అయితే దాన్ని ఎటు పంపాలో విండోస్‌కు చెప్పాలి. కింద కుడి మూల స్పీకర్ గుర్తు నొక్కి, జాబితాలో టీవీ పేరు ఎంచుకో. శబ్దం ఎక్కడా రాకపోతే నీ సంచిలో ఉన్న బ్లూటూత్ ఇయర్‌బడ్స్ తీసి చెవి దగ్గర పెట్టుకుని చూడు, సన్నాయి అక్కడ మోగుతూ ఉండవచ్చు. వీడియో ఆడించే వీఎల్‌సీ ప్లేయర్ వాడుతుంటే, దాని మెనూలోని ఆడియో పరికరం కూడా విడిగా చూసుకో. హాల్లో టీవీ స్పీకర్లు ఎవరికీ ఆనవు కనుక, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి మైకు వాళ్ల మిక్సర్‌కు తీగ ఇవ్వమని అడుగు. అప్పుడు జాబితాలో టీవీని కాక ల్యాప్‌టాప్‌నే ఎంచుకోవాలి. ఇలా చేసినప్పుడు శబ్దం ముందు, బొమ్మ వెనక అవుతుంది, ఎందుకంటే టీవీ బొమ్మను మెరుగులు దిద్దడానికి కాస్త సమయం తీసుకుంటుంది. టీవీలో గేమ్ మోడ్ పెడితే ఆ ఆలస్యం తగ్గుతుంది. ఇంకా తేడా ఉంటే వీఎల్‌సీలో కె నొక్కు. నొక్కిన ప్రతిసారీ శబ్దం 50 మిల్లీసెకన్లు వెనక్కి జరుగుతుంది. ఎక్కువైతే జె నొక్కి సరిచేసుకో. పురోహితుడి పెదవులు, మంత్రం కలిసేదాకా.

హాలుకు తీగ కొనాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకో, కోఠి గుజరాతీ గల్లీకో వెళ్లు. బంగారు పూత తీగతో రంగులు బాగా వస్తాయని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. తీగలో పోయేవి అంకెలు. అవి సరిగ్గా చేరితే చౌక తీగలోనూ అదే బొమ్మ. చేరకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, బొమ్మ క్షణంపాటు నల్లబడి తిరిగి వస్తుంది. చూసుకోవాల్సింది పొడవు. 4కే అంటే చుక్కలు బాగా ఎక్కువున్న బొమ్మ, దాన్ని సెకనుకు 60 సార్లు పంపాలంటే తీగ సెకనుకు 18 గిగాబిట్ల దాకా మోయాలి. గోడ మీది టీవీ నుంచి నీ బల్ల దాకా 10 మీటర్ల మామూలు తీగ లాగితే అక్కడ తడబడవచ్చు. నీ క్యాసెట్‌కు 4కే ఎందుకు? డిస్‌ప్లే సెట్టింగుల్లో 1920 × 1080 పెట్టు, చుక్కల సంఖ్య నాలుగో వంతుకు దిగుతుంది. దించగానే మెరుపులు పోతే దోషం తీగదేనని తేలిపోయినట్టే. మీ చెల్లెలి పలచటి ల్యాప్‌టాప్ తీసుకెళ్లాలనుకుంటే ఒక మాట. యూఎస్‌బీ-సీ ఆకారంలో ఉన్న ప్రతి పోర్టూ బొమ్మ పంపదు, కొన్ని ఛార్జింగుకూ ఫైళ్లకూ మాత్రమే. థండర్‌బోల్ట్ పిడుగు గుర్తో, డిస్‌ప్లేపోర్ట్ అని తెలిపే డీపీ గుర్తో ఉందేమో చూసి తర్వాతే అడాప్టర్ కొను.

ఇప్పుడు అసలైన పని, ఆ క్యాసెట్. మన దేశంలో అప్పటి వీడియో పాల్ పద్ధతిది. సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో కనిపించే గీతలు 576. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు, ఇలా ప్రతి ఫ్రేమునూ రెండు వాయిదాల్లో గీసేవారు. పాత డబ్బా టీవీలు ఆ లెక్కకే తయారైనవి. ఇప్పటి తెర రెండు వాయిదాలనూ ఒకేసారి చూపిస్తుంది. తలంబ్రాల ఘట్టం దగ్గర ఆపి చూడు. కదిలే చేతుల అంచులు, జారే బియ్యం దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తే ఇదే కారణం. వీఎల్‌సీలో డి నొక్కితే, ఈ వాయిదాల చీలికను సర్దే డీఇంటర్‌లేస్ పనిచేసి గీతలు సర్దుకుంటాయి.

తర్వాత ముఖాలు. ఆ వీడియో 4:3 ఆకారంలో తీసింది, నీ టీవీ 16:9. టీవీ దాన్ని సాగదీస్తే సన్నగా ఉన్న మీ నాన్న పెళ్లిపీటల మీద లావుగా కనిపిస్తారు. ఇప్పటి ఆకారానికి సరిపోతుందేమో గానీ అప్పటికది అన్యాయం. వీఎల్‌సీలో ఎ నొక్కుతూ పో, 4:3 వస్తుంది. ఇరుపక్కలా నల్లపట్టీలు ఉంటే ఉండనీ, వాటిని నింపాలని చూడకు. జూమ్ చేస్తే పైన బాసికం, కింద పీటలు తెగిపోతాయి.

కెమెరా ఊరేగింపు మీదుగా తిరిగినప్పుడు బొమ్మ చిన్నచిన్న కుదుపులతో కదులుతుందా? ల్యాప్‌టాప్ టీవీకి సెకనుకు 60 సార్లు పంపుతోంది, వీడియోలో ఉన్నవి 25. అరవైలో పాతిక సమంగా సర్దుకోదు. డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి రిఫ్రెష్ రేటు 50 హెర్ట్జ్ పెట్టు. ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లు వస్తుంది, కుదుపు పోతుంది. ఈ ఒక్కటీ చేసేవాళ్లు నాకు చాలా తక్కువ మంది కనిపించారు, ఫలితం మాత్రం వెంటనే కంటికి తెలుస్తుంది.

బొమ్మ అడుగున సన్నగా మెలికలు తిరిగే పట్టీ ఒకటి కనిపిస్తుంది. ఫైలు పాడైందని మళ్లీ ఎక్కించకు. వీసీఆర్‌లో టేపును చదివే ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మారేచోట పుట్టే గీత అది, క్యాసెట్‌లోనే ఉంటుంది. పాత టీవీలు బొమ్మ అంచులను కొంచెం కోసి చూపించేవి కనుక అప్పట్లో ఎవరి కంటా పడలేదు. కొన్ని కొత్త టీవీలకూ ఆ కోసే అలవాటు పోలేదు. కంప్యూటర్ బొమ్మకు దాన్ని తీసేయాలి, కంపెనీని బట్టి ఆ సెట్టింగు 'స్క్రీన్ ఫిట్', 'జస్ట్ స్కాన్' లాంటి పేర్లతో ఉంటుంది. ఆ పట్టీ మరీ చిరాకు పెడితే వీఎల్‌సీలోనే అడుగున కాస్త కత్తిరించు. టీవీలో షార్ప్‌నెస్ బాగా దించు. అది పెంచితే వివరం రాదు, క్యాసెట్ మీది గరుకు పెరుగుతుంది.

వైఫైలో పంపిస్తే పోలేదా అని మీ చెల్లెలు అంటుంది. ఇంట్లో సరే. విండోస్ బటన్ పట్టుకుని కె నొక్కితే తీగ లేకుండా బొమ్మ అందుకునే మిరాకాస్ట్ ఉన్న టీవీల పేర్లు వస్తాయి, దానికి రూటర్ కూడా అక్కర్లేదు. టీవీకి గుచ్చే క్రోమ్‌కాస్ట్‌కైతే అదీ, ల్యాప్‌టాప్ రెండూ ఒకే వైఫైలో ఉండాలి. ఒకటి గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంటే రెండోది కనిపించకపోవచ్చు. మీ మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో 2.4 గిగాహెర్ట్జ్ మీద అన్ని ఫ్లాట్ల రూటర్లూ ఒకేసారి అరుస్తూ ఉంటాయి కాబట్టి 5 గిగాహెర్ట్జ్‌కు మారు, కానీ అది గోడలు దాటడంలో బలహీనం. మన ఊళ్లో ఇంకో చిక్కు కంపెనీ ల్యాప్‌టాప్‌లు. ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ నడుస్తుంటే పక్కనున్న టీవీ కనబడకపోవచ్చు, కొన్ని కంపెనీలు పెన్‌డ్రైవ్‌లను కూడా మూసేస్తాయి. ఆ తాళాలతో కుస్తీ పట్టకు, సొంత ల్యాప్‌టాప్ తీసుకెళ్లు. హాల్లో మాత్రం తీగే.

మీ నానమ్మకు సినిమా యాప్ పెడితే మాటలు వినిపించి తెర నల్లగా ఉందన్నది వేరే జబ్బు. హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ అది. మధ్యలో పాత స్ప్లిటరో ఆంప్లిఫయరో ఉంటే ల్యాప్‌టాప్, టీవీ ఒకదాన్నొకటి నమ్మక బొమ్మ ఆపేస్తాయి. మధ్యవర్తిని తీసి నేరుగా కలుపు. టీవీలోనే ఆ యాప్ ఉంటే ల్యాప్‌టాప్ ఎందుకు?

చివరిగా పెన్‌డ్రైవ్. ల్యాప్‌టాప్ మొరాయిస్తే టీవీకే గుచ్చడానికి ఒక కాపీ దగ్గర ఉంచుకో. ఎంపీ4 రకం ఫైలులో హెచ్.264 పద్ధతి వీడియో, ఏఏసీ పద్ధతి ఆడియో ఉండేలా మార్చుకుంటే దాదాపు ప్రతి స్మార్ట్ టీవీ ఆడిస్తుంది. మార్చేటప్పుడే డీఇంటర్‌లేస్ కూడా చేయించు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. పెళ్లి మొత్తం ఎలాగూ ఎవరూ చూడరు కనుక జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు విడివిడి ముక్కలుగా కోసి పెట్టు.

ఈ ఆదివారం హాలుకు వెళ్లి టీవీ వెనక లేబుల్, పోర్టులు కనిపించేలా ఫోటో తీసి నాకు పంపు. టీవీ నుంచి నువ్వు కూర్చునే చోటు దాకా తాడుతో కొలిచి రా, గోడ వెంట తిప్పి కొలవాలి సుమా, గాలిలో కాదు.

ఆశీస్సులతో,
నీ మేనమామ
హైదరాబాద్